మంచాన పడ్డ మనిషికి ఊరంతా తోడు

ఇబ్రహీంపట్నం, కొండపల్లి, గుంటుపల్లి, జూపూడి, కేతనకొండ, మూలపాడు ప్రజలకు విజ్ఞప్తి



రింగ్ సెంటర్‌లో బస్సు కోసం నిలబడ్డప్పుడో, టీ కొట్టు దగ్గరో ఈ కాగితం మీ చేతికి అంది ఉంటుంది. మడిచి జేబులో పెట్టుకునే ముందు ఒక్క నిమిషం ఆలోచించండి. ఇవాళ మీ వీధిలో మంచాన పడి ఉన్నది ఎవరు? నోరు తెరిచి అన్నం తినలేని కేన్సర్ మనిషి ఏ ఇంట్లో ఉన్నారు? పక్షవాతంతో పక్క మీదే అన్నీ జరిగిపోతున్న పెద్దాయన ఎవరు? రాత్రి రెండింటికి "అమ్మా, ఓర్చుకోలేనే" అన్న మూలుగు ఏ గోడ అవతలి నుంచి వస్తోంది?

ఆ ఇంటివాళ్లు ఒకరోజు ఏదో ఒక ఆసుపత్రిలో ఈ మాట విన్నారు: "ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లిపోండి." ఆ రోజు నుంచి చాలా ఇళ్లకు డాక్టరు రాడు, నర్సు రాదు, పథకం రాదు. వచ్చేది అప్పులవాడొక్కడే.

మేం చెప్పదలచుకున్నది ఒకటే. జబ్బు నయం కాకపోవచ్చు, నొప్పిని మాత్రం తగ్గించవచ్చు. అందుకయ్యే ఖర్చు ఒక్క ఇంటి నెత్తిన పడేసి ఊరు పక్కకు తప్పుకోకూడదు. ప్రభుత్వమూ తప్పుకోకూడదు. ఇద్దరూ కలిసి మోయాలి.

మా ఇంట్లో జరిగింది

ఈ కరపత్రం రాస్తున్నవాళ్లలో ఒకరి ఇంటి సంగతి ఇది. వారి మాటల్లోనే చదవండి.

"మా అమ్మకు నోటి కేన్సర్. ఆపరేషన్ చేశారు, కరెంటు (రేడియేషన్) పెట్టారు, కీమో ఎక్కించారు. ఆరోగ్యశ్రీ కార్డు ఉంది కాబట్టి వాటికి మేం డబ్బు కట్టలేదు. ఏడాది తిరక్కుండా జబ్బు మళ్లీ వచ్చింది. ఈసారి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. ఐసీయూలో తొమ్మిది రోజులుంది. బయట బెంచీ మీద మేం, లోపల గొట్టాల మధ్య అమ్మ. రోజుకు రెండుసార్లు అయిదు నిమిషాల చొప్పున చూడనిచ్చేవారు. జూపూడి దగ్గరున్న అరెకరం బేరం పెట్టాం. పదో రోజు మా చేత సంతకం పెట్టించుకుని పంపించారు. ఇంటికి తెచ్చుకున్న కాగితాల్లో బిల్లుంది, రిపోర్టులున్నాయి. నొప్పికి మందు మాత్రం ఎక్కడా రాసి లేదు.

ఇంట్లో అమ్మ దవడ మీది పుండు వాసన వేసేది. పిల్లలు ఆ గదిలోకి వెళ్లేవాళ్లు కాదు. అమ్మకు అది తెలుసు. కొంగుతో మూతి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకునేది. చివరికి మాకు తెలిసిన ఒక నర్సమ్మ డ్యూటీ దిగి వస్తూ మా ఇంటికొచ్చింది. గాయం ఎలా కడగాలో చూపించింది. మెట్రోనిడజోల్ మాత్రలు మెత్తగా పొడి చేసి డాక్టరు చెప్పిన తీరులో పుండు మీద చల్లమంది. నాలుగు రోజుల్లో వాసన తగ్గింది. మార్ఫిన్ రాసే డాక్టరు ఎక్కడున్నారో కనుక్కుని చీటీ రాయించుకొచ్చాం. ఆ రాత్రి అమ్మ నిద్రపోయింది, ఎన్నో వారాల తరవాత. మర్నాడు మనవరాలిని పిలిచి జడ వేసింది.

ఆ తొమ్మిది రోజులకు అరెకరం చాల్లేదు. ఇంట్లో గడిచిన చివరి నలభై రోజులకు మాత్రలకు, కట్లకు, పొడికి అయిన ఖర్చు మా ఇంటి నెల పాలబిల్లును దాటలేదు. ఆ నర్సమ్మ నెల ముందే వచ్చి ఉంటే పొలం మిగిలేది. అంతకన్నా ముఖ్యం, అమ్మ గోడవైపు తిరిగి పడుకున్న ఆ రోజులు ఉండేవి కావు."

ఇలాంటి కథ మన ఊళ్లలో ఒక్క ఇంటిది కాదు. మీ ఇంట్లోనూ ఇలాంటిది జరిగి ఉంటుంది.

పాలియేటివ్ కేర్ అంటే

నయం కాని జబ్బు వచ్చిన మనిషికి బాధ తగ్గించే వైద్యం ఇది. తెలుగులో ఉపశమన చికిత్స అంటున్నారు. నొప్పి, ఆయాసం, వాంతులు, మలబద్ధకం, నిద్రపట్టకపోవడం, పుండ్లు, భయం, దిగులు అన్నిటినీ ఇది చూసుకుంటుంది. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పితే వీపు పుండ్లు పడే ముప్పు తగ్గుతుంది. పొట్ట నీరు పట్టి ఊపిరాడకపోతే ఆ నీరు తీస్తారు. ఆయాసపడే మనిషి మొహానికి ఫ్యాను గాలి తగిలేలా పెట్టినా కొంత ఊరట ఉంటుంది. తినలేని మనిషికి బలవంతంగా ముద్ద కుక్కకూడదని ఇంట్లోవాళ్లకు చెప్పడమూ ఈ వైద్యంలో భాగమే.

ఈ పద్ధతికి దారి వేసిన డాక్టరమ్మ సిసిలీ సాండర్స్. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (నయం కాని జబ్బువాళ్లను చూసుకునే చోటు) తెరిచారు. మనిషి నొప్పి ఒంట్లోనే ఉండదని, మనసులోను, కుటుంబంలోను, డబ్బు దిగుల్లోను, దేవుడి మీద అలకలోను కూడా ఉంటుందని ఆవిడ చెప్పారు. మన దేశంలో 1986లో ముంబయిలో శాంతి ఆవేదన హాస్పిస్ మొదలైంది. హైదరాబాద్‌లో బంజారాహిల్స్ రోటరీ క్లబ్ 2011లో స్పర్శ్ హాస్పిస్ పెట్టింది. అక్కడ చేరినవాళ్ల దగ్గర డబ్బు తీసుకోరు.

ఇది ఒక్క కేన్సర్‌కే అనుకోకండి. కిడ్నీలు పాడైనవాళ్లకు, గుండె, ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లకు, పక్షవాతం వచ్చినవాళ్లకు, మతిమరుపు ముదిరిన పెద్దలకు అందరికీ అవసరమే. మన ఎన్టీఆర్ జిల్లాలోనే ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కూల్చిందో మీకు తెలుసు. ఆ తండాల్లో మంచం పట్టినవాళ్లకూ ఈ వైద్యం కావాలి.

ప్రపంచంలో ఏటా 5 కోట్ల 68 లక్షల మందికి ఈ సంరక్షణ అవసరమని, అందుతున్నది మాత్రం వందలో 14 మందికేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మిగతా 86 మందిలో మన వీధివాళ్లూ ఉన్నారు.

డబ్బు ఎక్కడ ఆగిపోతోంది

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్న పథకం లక్షల కుటుంబాలను కాపాడింది. ఆ మాట గుండెల మీద చెయ్యి వేసుకుని చెబుతాం. ఆపరేషన్‌కు, కరెంటుకు, కీమోకు అది డబ్బు కడుతుంది. కానీ దాని లెక్కంతా ఆసుపత్రి మంచం చుట్టూ కట్టిన లెక్క. జాబితాలో పేరున్న చికిత్స, జాబితాలో పేరున్న ఆసుపత్రిలో జరిగితే బిల్లు పాసవుతుంది. మీ ఇంటి మంచం పక్కన కూర్చుని గాయం కడిగే నర్సు చేతికి ఆ లెక్కలో చోటు దొరకడం కష్టం.

ప్రైవేటు బీమా సంగతీ అంతే. సాధారణంగా 24 గంటలు ఆసుపత్రిలో ఉంటేనే క్లెయిము. దాంతో ఏం జరుగుతోంది? ఇంట్లో పదిమంది మధ్య పోవాల్సిన మనిషిని డబ్బొచ్చే చోటుకు మోసుకెళ్తున్నాం. పథకం పరిధి దాటాక పుస్తెల తాడు తాకట్టుకు పోతోంది. నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెస్తున్నాం. మనిషీ దక్కడం లేదు, పొలమూ దక్కడం లేదు, పిల్లల చదువూ ఆగిపోతోంది.

మన దేశం మొత్తం ఆరోగ్య ఖర్చులో 39 శాతానికి పైగా జనం జేబులోంచే పోతోందని 2021-22 జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి. ఆ ఖర్చులో ఆఖరి నెలల బిల్లులు ఎలా ఉంటాయో అనుభవించినవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు.

వేరే లెక్క వేసిన దేశాలూ ఉన్నాయి. అమెరికాలో 1982లో చేసిన చట్టంతో మెడికేర్ హాస్పిస్‌కు రోజుల లెక్కన డబ్బు కట్టడం మొదలుపెట్టింది. ఆరు నెలలకు మించి బతకరని డాక్టర్లు అనుకున్న పెద్దల ఇంటికే నర్సు, మందులు, మంచం వస్తాయి. మనిషి పోయాక కుటుంబానికి ఓదార్పు చెప్పడం కూడా అందులో భాగమే. ఆ దేశమంత డబ్బు మనకు లేకపోవచ్చు. చికిత్సకు ఇచ్చే డబ్బును మనిషి ఉన్నచోటుకు నడిపించాలన్న బుద్ధి ఉండటానికి పెద్ద డబ్బు అక్కర్లేదు.

మార్ఫిన్ అంటే భయపడొద్దు

తీవ్రమైన కేన్సర్ నొప్పికి మార్ఫిన్ ముఖ్యమైన మందు. మాత్ర ఖరీదు కొద్ది రూపాయలే. అది నల్లమందు నుంచి వస్తుంది. ఆ నల్లమందును మన దేశంలోనే మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు ప్రభుత్వ లైసెన్సుతో పండిస్తారు. నీమచ్, ఘాజీపూర్ ప్రభుత్వ కర్మాగారాల్లో దాన్ని శుద్ధి చేస్తారు. మన నేల మీద పండిన మందు మన మంచాల దాకా రావడం లేదు. దేశంలో అవసరమైన నొప్పి మందులో అందుతున్నది దాదాపు 4 శాతమేనని 2017లో లాన్సెట్ కమిషన్ తేల్చింది.

ఎందుకు రావడం లేదంటే, 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చింది. దొంగ వ్యాపారాన్ని పట్టుకోవాలని పెట్టిన నిబంధనలు ఆసుపత్రుల చేతులు కట్టేశాయి. ఒక్క మందు తెప్పించుకోవడానికి నాలుగైదు లైసెన్సులు కావాల్సి వచ్చేవి. విసిగిపోయి చాలా ఆసుపత్రులు తెప్పించడమే మానేశాయి. 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించి దారి సులువు చేసింది. గుర్తింపు పొందిన వైద్యసంస్థ ఇప్పుడు మార్ఫిన్ ఉంచుకోవచ్చు, డాక్టరు రాయవచ్చు. చట్టం మారి పదేళ్లు దాటింది. మన భయం మారలేదు.

"అలవాటు పడిపోతారేమో" అంటారు. డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పిన వేళకు కేన్సర్ నొప్పికి వాడినప్పుడు అది వ్యసనంగా మారడం చాలా అరుదు. "ప్రాణం త్వరగా పోతుందేమో" అంటారు. సరైన మోతాదులో ఇచ్చిన మార్ఫిన్ ప్రాణం తీయదు, నిద్ర తెస్తుంది, అన్నం తిననిస్తుంది, మాట్లాడనిస్తుంది. నొప్పి వచ్చేదాకా ఆగి ఇవ్వకూడదు. గడియారం చూసుకుని ఇవ్వాలి. దాంతోపాటు విరేచనం సాఫీగా అయ్యే మందూ తప్పకుండా ఉండాలి. మాత్రలు పిల్లలకు అందకుండా తాళంలో పెట్టాలి, మిగిలితే ఆసుపత్రికి తిరిగి ఇచ్చేయాలి. చీటీ లేకుండా ఎవరి దగ్గరా కొనకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు.

వేరే రాష్ట్రాలు చేసి చూపించాయి

1993లో కేరళలోని కోజికోడ్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్, వారి మిత్రులు ఒక చిన్న సంఘం పెట్టారు. ఆసుపత్రిలో కూర్చుంటే రోగులందరూ తమ దగ్గరకు రాలేరని వాళ్లకు త్వరగానే తెలిసింది. అందుకని ఊళ్లోవాళ్లకే శిక్షణ ఇచ్చారు. మలప్పురం జిల్లాలో కూలివాళ్లు, దుకాణదారులు, బడిపిల్లలు, గృహిణులు వాలంటీర్లయ్యారు. కొట్టు గల్లాపెట్టె పక్కన డబ్బా పెట్టారు, ఇంటింటికీ తిరిగి చిల్లర పోగేశారు. ఆ చిల్లరతో నర్సు జీతం, జీపు కిరాయి, మందుల ఖర్చు వెళ్లదీశారు. జనం ముందు నడిచారు, ప్రభుత్వం వెనక వచ్చింది. 2008లో కేరళ పాలియేటివ్ కేర్ విధానం ప్రకటించింది. ఇప్పుడు అక్కడ పంచాయతీలే నర్సులను పెట్టుకుని ఇళ్లకు పంపుతున్నాయి. డాక్టర్ రాజగోపాల్‌కు 2018లో పద్మశ్రీ వచ్చింది.

అంత దూరం ఎందుకు? నందిగామ దాటి, జగ్గయ్యపేట దాటి ముందుకెళ్తే తెలంగాణ. హైదరాబాద్ ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రిలో డాక్టర్ గాయత్రి పాలత్, ఆవిడతో పనిచేసినవాళ్లు ఏళ్లపాటు నొప్పి వైద్యం చేశారు, చాలామందికి నేర్పారు. తరవాత అక్కడి ప్రభుత్వం చేవెళ్లతో మొదలుపెట్టి జిల్లాల్లో పాలియేటివ్ కేంద్రాలు తెరిచింది. "ఆలన" అని రాసిన బండిలో నర్సులు రోగుల ఇళ్లకు వెళ్తున్నారు. అదే భాష, అదే తిండి, అవే జబ్బులు. అక్కడ తిరుగుతున్న బండి ఇక్కడ ఎందుకు తిరగకూడదు?

కాగితం మీద మనకు ఉన్నవి

2012లోనే కేంద్రం జాతీయ పాలియేటివ్ కేర్ కార్యక్రమం ప్రకటించింది. దానికి విడిగా డబ్బు సంచీ లేదు. జాతీయ ఆరోగ్య మిషన్ కింద రాష్ట్రం పంపే ప్రణాళికలో ఈ పద్దు రాసి అడిగితేనే నిధి వస్తుంది. అడిగే రాష్ట్రానికి అందుతుంది. రాష్ట్రం అడగాలంటే జనం అడగాలి.

ఊళ్లలో ఉన్న ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలు అందించాల్సిన 12 రకాల సేవల్లో వృద్ధుల సంరక్షణ, పాలియేటివ్ కేర్ కూడా ఉన్నాయి. అంటే మీ ఊరి క్లినిక్‌లో "మా ఇంట్లో మంచాన పడ్డ మనిషి ఉన్నారు, వచ్చి చూడండి" అని అడిగితే అది దయ అడగడం కాదు, రాసి ఉన్న పనిని చేయమనడం.

ఎన్టీఆర్ భరోసా కింద పక్షవాతంతోనో కండరాల క్షీణతతోనో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుకు 10,000 ఉంది. అర్హత ఉండీ సర్టిఫికెట్ లేక వదిలేసుకున్న ఇళ్లు మీ చుట్టుపక్కలే ఉండొచ్చు. సచివాలయానికి వాళ్ల వెంట ఒకరు వెళ్తే పని కదులుతుంది. డెబ్బై ఏళ్లు నిండినవాళ్లకు 2024 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన ఆయుష్మాన్ వయ వందన కార్డు గురించి కూడా అక్కడే అడగండి. కేన్సర్ చికిత్సకు వెళ్లేవాళ్లకు రైల్లో రాయితీ ఉంది, ఆసుపత్రి నుంచి కాగితం తీసుకోండి.

ఇంకొకటి. నయం కాని స్థితిలో తనకు వెంటిలేటర్ లాంటివి వద్దని మనిషి ముందే రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించింది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం ఉంటే చాలు. ఇంట్లో పెద్దలు మాట్లాడగలిగినప్పుడే వారి మనసులో ఏముందో అడిగి తెలుసుకోండి. అడగడం అపశకునం కాదు. అడగకపోతే ఆ నిర్ణయం ఐసీయూ బయట బెంచీ మీద ఏడుస్తూ తీసుకోవాల్సి వస్తుంది.

మనం చేయాల్సినవి

పెళ్లికి చదివింపులు రాసే పుస్తకం మనందరికీ తెలుసు. ఎవరింట్లో పెళ్లయినా ఊరంతా తలో చెయ్యి వేస్తుంది. మన ఇంట్లో పెళ్లి వచ్చినప్పుడు అది తిరిగొస్తుంది. చావుకు కూడా వెళ్తాం. పెద్దకర్మకు అయిదొందల మందికి విస్తళ్లు వేస్తాం, ఫొటోతో కార్డులు కొట్టిస్తాం, ఫెర్రీ దగ్గర పవిత్ర సంగమంలో దిగి తర్పణాలు వదులుతాం. మంచిదే. కానీ ఆ మనిషి బతికుండగా గాలిపరుపు కొనడానికి డబ్బు లేకపోయింది. నర్సును పిలవడానికి డబ్బు లేకపోయింది. పోయిన తరవాత వేసే చెయ్యి, పోకముందే వేద్దాం.

ఒకటి: వీధికో పుస్తకం. పదిళ్లవాళ్లు కూర్చుని మొదలుపెట్టండి. ఇంటికి రోజుకు రూపాయి, నెలకు ముప్పై. మూడొందల ఇళ్లు కలిస్తే నెలకు తొమ్మిది వేలు. వెయ్యి ఇళ్లు కలిస్తే ముప్పై వేలు. ఒక నర్సమ్మ వారంలో కొన్ని రోజులు ఇళ్లకు తిరగడానికి, ఆటోకు, కట్లకు, మందులకు దాంతో దారి దొరుకుతుంది. జమా ఖర్చు నెలనెలా గోడ మీద అతికించండి. పుస్తకం ఇద్దరి చేతిలో ఉండాలి, అందులో ఒకరు ఆడమనిషి కావాలి. డ్వాక్రా అక్కలు పైసా పైసా లెక్క రాయడంలో ఎవరికీ తీసిపోరు, ముందు వాళ్లను పిలవండి.

రెండు: వస్తువుల గది. గాలిపరుపు, చక్రాల కుర్చీ, వాకర్, మంచం మీద వాడే బెడ్‌పాన్, ఆక్సిజన్ మిషన్. ఒక ఇంట్లో పని అయిపోయాక అటక మీద మగ్గిపోతున్న వాటిని శుభ్రం చేసి ఇంకో ఇంటికి పంపండి. మసీదులోనో, చర్చిలోనో, గుడిలోనో, సచివాలయం పక్కనో ఒక గది చూడండి.

మూడు: చూసుకునేవాళ్లకు రెండు గంటల విశ్రాంతి. మంచాన పడ్డ మనిషిని ఎక్కువగా చూసుకునేది ఇంటి ఆడవాళ్లే. కూలికి వెళ్లలేరు, కంటినిండా నిద్రపోలేరు. వాళ్లు పోగొట్టుకునే కూలీ కూడా వైద్యం ఖర్చే, ఎవరూ లెక్క రాయరంతే. వారానికి ఒకసారి మీరు వెళ్లి "అమ్మాయ్, నువ్వు కాసేపు పడుకో, నేను కూర్చుంటా" అనండి. దానికి శిక్షణ అక్కర్లేదు.

నాలుగు: పేరు రాయించండి. మీ వీధిలో మంచాన పడ్డవాళ్ల పేర్లు ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎమ్‌కు చెప్పండి. ఎంతమంది ఉన్నారో లెక్క తేలితే ఆఫీసులో మన మాటకు బలం వస్తుంది. ఇంటివాళ్లను అడిగి, వాళ్లు సరేనంటేనే చెప్పండి.

అయిదు: హుండీ, కానుక, జకాత్. పూజారి గారు, పాస్టరు గారు, ఇమాం సాబ్! మీ మాట జనం వింటారు. నెలలో ఒక్కరోజు మీ ప్రసంగంలో ఈ సంగతి చెప్పండి. పెద్దకర్మ చేసే ఇల్లు పది విస్తళ్ల ఖర్చు ఈ పుస్తకానికి రాయమని అడగండి.

ఆరు: పొలం అమ్మేముందు ఈ అయిదు ప్రశ్నలు అడగండి. డాక్టరును గౌరవంగానే అడగండి, కానీ తప్పక అడగండి.

"ఈ వైద్యం జబ్బును నయం చేస్తుందా, రోజులు పెంచుతుందా, బాధ తగ్గిస్తుందా?"
"రోజుకు ఎంతవుతుంది, ఎన్ని రోజులు?"
"వైద్యసేవలో ఇందులో ఏది వస్తుంది, ఏది రాదు?" ఇది ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను అడగండి, 104కు ఫోన్ చేసి కూడా అడగవచ్చు.
"ఇంటికి తీసుకెళ్తే నొప్పి మందు ఎవరు రాస్తారు, ఎక్కడ దొరుకుతుంది?"
"రాత్రిపూట ఇబ్బందైతే ఎవరికి ఫోన్ చేయాలి?"

ఈ చివరి రెండిటికీ జవాబు కాగితం మీద రాయించుకోకుండా మనిషిని ఇంటికి తీసుకురాకండి.

ప్రభుత్వాన్ని మనం అడుగుతున్నవి

1. ఎన్టీఆర్ వైద్యసేవలో ఇంటి దగ్గర పాలియేటివ్ కేర్‌కు నెలవారీ ప్యాకేజీ పెట్టాలి. నర్సు రాక, మందులు, కట్లు అందులో ఉండాలి. రోగి ఆసుపత్రిలో చేరాలన్న షరతు ఉండకూడదు.

2. విజయవాడ పెద్దాసుపత్రిలోనూ, మైలవరం, నందిగామ, తిరువూరు ప్రభుత్వాసుపత్రుల్లోనూ మార్ఫిన్ మాత్రలు ఎప్పుడూ ఉండేలా చూడాలి. ఏ రోజు, ఏ గదిలో, ఏ డాక్టరు రాస్తారో బోర్డు పెట్టాలి.

3. మన మండలానికి ఒక బండి, ఒక నర్సు, వారానికి ఒక డాక్టరు ఇళ్లకు వెళ్లే ఏర్పాటు చేయాలి.

4. ఆఖరి దశ కేన్సర్‌తో మంచాన పడ్డవాళ్లను మంచానికి పరిమితమైనవాళ్ల పింఛనులో స్పష్టంగా చేర్చాలి. దరఖాస్తు పరిశీలన రోజుల్లో పూర్తికావాలి. ఈ జబ్బు నెలల తరబడి ఆగదు.

5. కొండపల్లి మునిసిపాలిటీ, మండలంలోని పంచాయతీలు తమ బడ్జెట్‌లో పాలియేటివ్ కేర్‌కు ఒక పద్దు రాయాలి.

6. థర్మల్ స్టేషన్, కొండపల్లి పారిశ్రామికవాడ కంపెనీలు తమ సామాజిక బాధ్యత నిధుల్లోంచి ఒక ఇంటింటి వైద్య బండిని నడపాలి. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీల లాభాల్లో 2 శాతాన్ని ఇలాంటి పనులకే ఖర్చు పెట్టమంటోంది. ఈ గాలి, ఈ నీరు, ఈ రోడ్డు వాడుకునేవాళ్లు ఈ ఊరి మంచాల వైపు కూడా చూడాలి.

వార్డు సభలో, గ్రామసభలో, కలెక్టరు గారి సోమవారం గ్రీవెన్స్‌లో ఈ ఆరు మాటలూ రాసిన అర్జీ ఇవ్వండి. ఒక్కరు ఇస్తే ఫైలు కింద ఫైలవుతుంది. వందమంది ఇస్తే జవాబు రాయక తప్పదు.

చివరగా

పుట్టిన బిడ్డకు ఊరు ఉయ్యాల పాట పాడుతుంది. పెళ్లికూతురికి ఊరు అక్షింతలు వేస్తుంది. పోయే మనిషి చెయ్యి పట్టుకునే పని ఒక్క కోడలికో, ఒక్క కూతురికో వదిలేసి మనం గుమ్మం బయట చెప్పులేసుకుని నిలబడకూడదు. నొప్పి లేకుండా, అప్పు లేకుండా, అయినవాళ్ల మధ్య కన్నుమూయడం డబ్బున్నవాళ్ల భాగ్యంగా మిగిలిపోకూడదు. కూలి మనిషికీ, ఆటో నడిపే తమ్ముడికీ, ఇటుకబట్టీలో పనిచేసే చెల్లెమ్మకూ అదే హక్కు.

ఈ కాగితం చదివాక పారేయకండి. వెనక ఖాళీగా ఉన్న వైపు మీ వీధిలో మంచాన పడ్డవాళ్ల పేర్లు రాసుకోండి. ఇవాళ సాయంత్రం వాటిలో ఒక ఇంటి తలుపు తట్టి, "వదినా, ఎలా ఉంది? రాత్రి నిద్రపోయారా?" అని అడగండి. రేపు మీ వీధి పుస్తకంలో మొదటి ముప్పై రూపాయలు మీ పేరున రాయించండి.

ఇట్లు,
ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఊళ్ల నుంచి, మంచాన పడ్డ అమ్మానాన్నలను చూసుకున్న మీవాళ్లం